సస్పెన్స్ ఖాతాలో గుండె దడ

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాదు. బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్ డిపార్ట్‌మెంటులో ముప్ఫై ఏడేళ్ళు పనిచేసి 2019లో రిటైరైనవాణ్ణి. ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు, కాశీపూర్ గన్ అండ్ షెల్ ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు, ఆఖర్న కలకత్తా హెడ్డాఫీసులో కొన్నాళ్ళు. ఎక్కడున్నా నా పని ఒక్కటే: వోచరు లేని ఖర్చుని పాస్ చెయ్యకపోవడం. అలాంటివాడు గుండె గురించి రాస్తున్నాడేమిటని నవ్వే మిత్రులు నవ్వొచ్చు. ఇది వైద్యం గురించి కన్నా వోచర్ల గురించి అనుకుని చదవండి.

అకౌంట్స్‌లో సస్పెన్స్ హెడ్ అని ఒకటుంటుంది. డబ్బు వచ్చింది, లేదా పోయింది. ఎందుకో తెలియదు. ఏ పద్దు కింద రాయాలో కాగితం లేదు. అలాంటి మొత్తాన్ని తాత్కాలికంగా సస్పెన్స్ కింద వేస్తాం. అందులో తప్పేమీ లేదు. "నాకింకా తెలియదు" అని పుస్తకంలో రాసుకోవడమే అది. తప్పు జరిగేది వేరే రెండు చోట్ల. ఆ మొత్తాన్ని ఏళ్ళ తరబడి అక్కడే వదిలెయ్యడం ఒకటి. మార్చి నెలాఖరుకి సస్పెన్స్ సున్నా చూపించాలన్న తాపత్రయంతో, వోచరు లేకుండానే, చేతికందిన హెడ్డులోకి తోసెయ్యడం ఇంకొకటి. రెండోది పెద్ద తప్పు. ఎందుకంటే ఇక దాన్ని ఎవరూ వెతకరు. ఈ తప్పు చేసినవాళ్ళకి నా సర్వీసులో ఎన్ని మెమోలు రాశానో లెక్కలేదు. ఇంట్లో మాత్రం అదే తప్పు నేను రెండుసార్లు చేశాను. ఒకసారి నా విషయంలో, అంతకు చాలా ఏళ్ళ ముందు మా అక్క విషయంలో.

నా సంగతి ముందు చెబుతాను. 2022 డిసెంబరు. దమ్‌దమ్ మెట్రో స్టేషనులో మెట్లు దిగుతున్నాను. గుండె ఒక్క క్షణం ఆగినట్టయింది. ఆ వెంటనే లోపలినుంచి ఎవరో పిడికిలితో గుద్దినట్టు ఒక్క పెద్ద దెబ్బ. మళ్ళీ మామూలు. నాలుగడుగులు వేశానో లేదో మళ్ళీ అదే. ఆ రాత్రి ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే చెవిలో కూడా వినిపించింది. రెండు మూడు రోజుల్లో అది రోజువారీ వ్యవహారమైంది. కొన్నిసార్లు పది నిమిషాలు, కొన్నిసార్లు గంట. నొప్పి లేదు, ఆయాసం లేదు, కళ్ళు తిరగడం లేదు. దడ, అంతే. అరవై మూడేళ్ళ వయసు, బీపీకి రోజుకో మాత్ర.

ఇక పద్దులు రాసేవాళ్ళు వచ్చారు. టీ కొట్టు అతను "గ్యాస్, దాదా" అన్నాడు. కలకత్తాలో ఇది సర్వరోగ నిర్ధారణ. తలనొప్పికి గ్యాసే, నడుం నొప్పికి గ్యాసే, మోహన్ బగాన్ ఓడిపోయినా గ్యాసే. పై అంతస్తులో ఉండే మన తెలుగాయన నా జన్మనక్షత్రం అడిగి, ఏలినాటి శని అన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక హేతువాదితో కాపురం చేసిన మనిషి, ఆమెకి తెలుసు. కానీ ఒక రాత్రి నేను నిద్రపోయాననుకుని ఉప్పూ ఎండుమిరపకాయలూ నా తల చుట్టూ తిప్పి పట్టుకెళ్ళింది. నేను కళ్ళు మూసుకునే నవ్వుకున్నాను.

నేను నా తరఫున ఏం తేల్చానో తెలుసా? "టెన్షన్." ఆ నెలలో ఫ్లాట్ రిజిస్ట్రేషన్ గొడవ ఒకటి నడుస్తోంది, కాబట్టి టెన్షన్. శని, దిష్టి, గ్యాస్ అన్నవాళ్ళందరినీ చూసి నవ్విన నా దగ్గర టెన్షన్‌కి ఏ వోచరు ఉంది? ఏమీ లేదు. మిగతావాళ్ళ మాటల్లాగే అది కూడా గాలిలోంచి తీసిన మాట. పైగా నా మాట సైన్సులా వినిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

ఇక్కడ గ్యాస్ గురించి ఒక్క మాట. ఆ ఏడాదే, 2022 మే 31న, గాయకుడు కేకే ఇక్కడి నజ్రుల్ మంచ్‌లో పాడి, హోటలుకి వెళ్ళి, ఆ రాత్రే చనిపోయారు. వయసు 53. గుండెపోటని పోస్ట్‌మార్టంలో తేలింది. ఆయన గ్యాస్ మాత్రలు ఎక్కువగా వేసుకునేవారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆయనది దడ కేసు కాదు. ఆ మాత్రలు వేసుకోవడానికి కారణమేమిటో నేను చెప్పబోవడమూ లేదు. కానీ ఆ తర్వాత ఒక నెల రోజులు మా పేటలో ప్రతివాడూ ఈసీజీ తీయించుకున్నాడు. మళ్ళీ పూజలనాటికి అందరూ గ్యాస్ దగ్గరికే వచ్చేశారు.

నేనూ ఈసీజీ తీయించుకున్నాను, దగ్గర్లో ఉన్న ఒక ల్యాబులో. మిషనే కింద "నార్మల్" అని అచ్చు కొట్టింది. నాకు ఆడిట్ క్లియరెన్స్ వచ్చినంత సంతోషం. ఇంటికొచ్చి మా ఆవిడకి చూపించి, "చూశావా, టెన్షనే" అన్నాను. దడ మాత్రం తగ్గలేదు. ఇంకో రెండు వారాలు అలాగే గడిపి, ఒక రోజు గంటన్నర సేపు ఆగకుండా వచ్చేసరికి భయపడి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నలభై ఏళ్ళుంటాయేమో ఆవిడకి. పేరు రాయను, ఆవిడ అనుమతి తీసుకోలేదు.

ఆ నార్మల్ ఈసీజీని నేను సగర్వంగా బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూసి అడిగింది: "ఇది తీసినప్పుడు మీకు దడ ఉందా?" లేదు. "మామూలు ఈసీజీ కాగితం మీద ఉండేది పది సెకన్లు. మీరు ఏం చేసేవారు? అకౌంట్సా? ఒక రోజు లావాదేవీల్లో పది సెకన్లవి చూసి రోజంతా సరిగ్గానే ఉందని సంతకం పెడతారా?" ఇంటికొచ్చాక లెక్క వేశాను. రోజులో పది సెకన్ల ముక్కలు 8,640. నేను చూపించింది అందులో ఒకటి. మా ఆఫీసులో ఇంత చిన్న శాంపిల్‌తో టెస్ట్ ఆడిట్ చేస్తే చార్జిషీటు ఇస్తారు. లేనిది నార్మల్ అని కాదు, దొరకలేదని మాత్రమే. ఈ తేడా హేతువాదులకి నేను చెప్పక్కర్లేదు. కానీ నా ఒంటి దగ్గరికొచ్చేసరికి నాకే తోచలేదు.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "దడ ఎలా వస్తుందో ఈ బల్ల మీద వేలితో కొట్టి చూపించండి." కొట్టాను. టక్, టక్, టక్‌టక్... ఖాళీ... ఠక్. "చాలు" అంది. అప్పుడు వివరించింది. గుండెలో మామూలుగా దెబ్బకి ఉత్తర్వు ఇచ్చే చోటు ఒకటుంది. అప్పుడప్పుడు వేరే చోటు నుంచి తొందరపడి ఒక ఉత్తర్వు ముందే వచ్చేస్తుంది. ఆ ముందొచ్చిన దెబ్బ బలహీనంగా ఉంటుంది, మనకి తెలియదు. ఆ తర్వాత కాస్త విరామం వస్తుంది. ఆ విరామంలో గుండెలోకి రక్తం ఎక్కువ నిండుతుంది, అందుకే తర్వాతి దెబ్బ గట్టిగా తగులుతుంది. మనం భయపడేది ఆ గట్టి దెబ్బకి. నిజానికి అది గుండె సర్దుకున్న దెబ్బ. వీటిని ఎక్టోపిక్ బీట్స్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి వస్తాయి.

"కానీ మీరు కొట్టి చూపించారు కాబట్టి నేను నమ్మేసి పంపించను" అని, తన దగ్గరున్న మిషన్ మీద పొడుగు స్ట్రిప్పు తీసింది. రెండు నిమిషాల కాగితంలో ఏడు దొరికాయి. బీపీ చూసింది: 162, 98. మాత్ర వేసుకుంటున్నా అంత ఉండటం ఆవిడకి నచ్చలేదు. రక్త పరీక్షలు రాసింది: హీమోగ్లోబిన్, థైరాయిడ్, సోడియం, పొటాషియం. ఎకో రాసింది. 24 గంటలు ఒంటికి కట్టుకుని తిరిగే హోల్టర్ రాసింది. అన్నీ రాస్తూ తలెత్తకుండా అడిగింది: "మీ ఇంట్లో గుండె జబ్బు ఎవరికైనా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన వేలమంది తెలుగు రైల్వే కుటుంబాల్లో మాదొకటి. అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. దానికి పదకొండేళ్ళప్పుడు గొంతు నొప్పి వచ్చి తగ్గింది. తర్వాత జ్వరం, ఒక మోకాలు వాపు. అది తగ్గేసరికి రెండో మోకాలు, ఆ తర్వాత మోచెయ్యి. "ఎదిగే పిల్ల, ఎముకలు సాగుతున్నాయి" అన్నారు ఇంట్లో. వోచరు లేని మొదటి పద్దు అది. అమ్మ నువ్వుల నూనె రాసింది. తగ్గిపోయింది.

1989లో అక్క రెండో కాన్పుకి ఏడో నెల గర్భవతి. ముప్ఫై నాలుగేళ్ళు. నీళ్ళ బిందె ఎత్తితే దడ, మంచం మీద వెల్లకిలా పడుకుంటే ఆయాసం, రాత్రిళ్ళు లేచి కూచునేది. ఒకసారి కూచున్న చోటే ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె ఇష్టమొచ్చినట్టు కొట్టుకుని, మాట్లాడలేక పడిపోయింది. అత్తవారు గాలి సోకిందన్నారు. ఒక మంత్రగాణ్ణి తెచ్చి తాయెత్తు కట్టించారు.

అప్పటికి నేను కొత్తగా హేతువాదినయ్యాను. రావిపూడి వెంకటాద్రి గారి 'హేతువాది' పోస్టులో తెప్పించుకునేవాణ్ణి. అబ్రహాం కోవూర్ దెయ్యాల కేసులు ఒకటికి రెండుసార్లు చదివాను. కలకత్తాలో ప్రబీర్ ఘోష్ 1985లో పెట్టిన యుక్తివాది సమితి వాళ్ళ సభలకి వెళ్ళి వెనక వరసలో కూచునేవాణ్ణి. సంగతి తెలియగానే హౌరాలో లోకల్ ఎక్కి ఖరగ్‌పూర్ వెళ్ళాను. అందరి ముందూ కత్తెరతో తాయెత్తు కత్తిరించాను. అంతవరకు బాగానే ఉంది, ఆ పనికి ఇవాళ కూడా నేను సిగ్గుపడను. ఆ తర్వాత అరగంట ఉపన్యాసం ఇచ్చాను. దెయ్యం లేదు, గాలి లేదు, ఇదంతా మనసు చేసే పని, హిస్టీరియా అంటారు, కోవూర్ ఇలాంటివి వందలు చూశాడు అని. అక్క వైపు తిరిగి, "నీకేం లేదక్కా, అంతా నీ మనసులోనే ఉంది" అన్నాను.

అక్క నన్ను నమ్మింది. ఇంట్లో బి.కాం. చదివినవాణ్ణి నేనే మరి. "ఏటోరా, నువ్వు చెప్తే అంతేనేమో" అంది. ఆ తర్వాత దడ గురించి ఎవరికీ చెప్పడం మానేసింది. చెబితే మనసు బలహీనం అంటారని. ఆడపిల్ల పుట్టింది. అందరూ మర్చిపోయారు.

1993లో ఒక పొద్దున్న అన్నం వారుస్తూ వారుస్తూ కుప్పకూలింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు స్టెతస్కోపు పెట్టి ఒక నిమిషం విన్నాడు. ఒక్క నిమిషం. "ఈమెకి చిన్నప్పుడు కీళ్ళ వాపులేమైనా వచ్చాయా?" అని అడిగాడు. గొంతు నొప్పి, రుమాటిక్ జ్వరం, దానివల్ల గుండెలో మైట్రల్ కవాటం బిగుసుకుపోవడం, వెనక గది ఉబ్బిపోవడం, ఆ గది లయ తప్పి వణకడం మొదలుపెట్టడం, వణికే గదిలో రక్తం నిలవుండి గడ్డ కట్టడం, ఆ గడ్డ మెదడుకి వెళ్ళడం. ఇరవై ఏడేళ్ళ లెడ్జరు మొత్తం అతను నాకు అక్కడ వరండాలో నిలబెట్టి చదివి వినిపించాడు. గర్భంతో ఉన్నప్పుడు రక్తం పరిమాణం పెరుగుతుంది, అప్పటిదాకా ఎలాగో నెట్టుకొస్తున్న బిగుసు కవాటం అప్పుడే బయటపడుతుందట. అంటే అక్క గుండె 1989లో స్పష్టంగా చెప్పింది. వినడానికి ఎవరూ చెవి పెట్టలేదు.

ఆ గది వణుకుని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని దశాబ్దాల తరబడి పరిశీలించి 1978లో ప్రచురించిన లెక్క ఒకటుంది. ఈ వణుకు ఉన్నవాళ్ళకి పక్షవాతం వచ్చే అవకాశం మామూలువాళ్ళకన్నా ఐదు రెట్లకు పైగా ఎక్కువ. రుమాటిక్ కవాటంతో కలిసి ఉంటే పదిహేడు రెట్లు. రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్రలు 1989లో ఉన్నాయి. బెలూనుతో కవాటాన్ని తెరిచే పద్ధతిని జపాన్ సర్జన్ ఇనౌవే 1984లోనే ప్రచురించాడు. అసలు మొదట గొంతు నొప్పప్పుడు పెన్సిలిన్ పడినా సరిపోయేదేమో. ఇవన్నీ నేను తర్వాత చదివాను.

అక్క పదకొండేళ్ళు అలాగే బతికి 2004లో పోయింది. నేను వెళ్ళినప్పుడల్లా ఎడం చేత్తో నా చెయ్యి పట్టుకునేది. రెండు మూడు మాటలు తప్ప రాలేదు చివరిదాకా. నన్ను తప్పు పట్టిందో లేదో నాకు తెలియదు, అడిగినా చెప్పలేదు కదా. తాయెత్తు కట్టినవాడు యాభై ఒక్క రూపాయలు పుచ్చుకున్నాడు. నేను ఉచితంగా చేశాను.

ఇదంతా అంత వివరంగా కాదు గానీ ఆ డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి వింది. తర్వాత నా గుండెని చాలాసేపు వింది, పక్కకి తిప్పి పడుకోబెట్టి కూడా.

వారం రోజుల్లో కాగితాలొచ్చాయి. ఎకో బాగుంది, కవాటాలు బాగున్నాయి. హోల్టర్‌లో ఒక రోజుకి సుమారు లక్ష దెబ్బల్లో 4,212 ఎక్టోపిక్‌లు. వణుకు లేదు. థైరాయిడ్ సరిగ్గా ఉంది. పొటాషియం మాత్రం 2.9. కనీసం 3.5 ఉండాలి. పొటాషియం తగ్గితే గుండె లయ దారి తప్పుతుంది, మరీ తగ్గితే ప్రాణం మీదికి వస్తుంది. సరే, వోచరు దొరికింది. అయితే పొటాషియం ఎందుకు తగ్గినట్టు? నా బీపీ మాత్ర ఒంట్లో నీటిని తీసే రకం, దానితో కొంత పోతుంది. కానీ అదే మాత్ర ఆరేళ్ళుగా వేసుకుంటున్నాను, ఎప్పుడూ ఇంత తగ్గలేదు. పైగా బీపీ పెరగడమేమిటి? ఆవిడ మళ్ళీ మొదటినుంచీ అడిగింది. విరేచనాలా? లేవు. వాంతులు? లేవు. ఇంకేమైనా మందులు? లేవు. ఆయుర్వేదం, హోమియో? నేను కాస్త గర్వంగానే "నేను హేతువాదినండీ, అలాంటివి ముట్టను" అన్నాను.

పక్కనున్న మా ఆవిడ అంది: "మరి ఆ పుల్లలో?"

అక్టోబరు నుంచి కలకత్తాలో గాలి పాడవుతుంది. నాకు పొడి దగ్గు. దశకర్మ భండార్‌లో, అదే పూజా సామాన్ల కొట్టులో, జష్టిమధు అని పుల్లలు అమ్ముతారు. మన అతిమధురం. తియ్యగా ఉంటుంది, గొంతుకి హాయిగా ఉంటుంది. రోజంతా నములుతూ, మిగిలింది టీలో వేసి మరిగించుకుంటూ రెండు నెలలకి పైగా వాడాను. అది మందని నాకు తోచనే లేదు. చెట్టు వేరు కదా, ఏం చేస్తుంది అనుకున్నాను. "సహజమైనది కాబట్టి హాని చెయ్యదు" అనే వాదాన్ని ఖండిస్తూ నేనే రెండు వ్యాసాలు రాశాను, అది వేరే సంగతి.

అతిమధురంలో ఉండే ఒక పదార్థం మూత్రపిండాల్లో ఒక ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. కార్టిసాల్ అనే హార్మోను అక్కడ పనిచెయ్యకుండా ఆపేది ఆ ఎంజైమే. అది ఆగిపోతే కార్టిసాల్, ఆల్డోస్టిరోన్ అనే ఇంకో హార్మోను చేసే పని చెయ్యడం మొదలుపెడుతుంది: ఉప్పుని ఒంట్లో పట్టి ఉంచి, పొటాషియంని బయటికి తోలేస్తుంది. బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. నా రెండు పద్దులూ సరిపోయాయి. ఇది కొత్త విషయమూ కాదు. కడుపు పుండుకి అతిమధురం వాడిన రోగులకి ఒళ్ళు వాపులు వస్తున్నాయని నెదర్లాండ్స్‌లో రెవర్స్ అనే డాక్టరు 1946లోనే రాశాడు. అప్పుడప్పుడు ఒక ముక్క నమిలితే కొంపలు మునగవు. రోజూ, నెలల తరబడి, అందులోనూ నీటి మాత్ర వేసుకునేవాడు నమలకూడదు.

పుల్లలు మానేశాను. మాత్ర మార్చింది. పొటాషియం సిరప్ రాసింది, దాని రుచి గురించి మాట్లాడకపోవడం మంచిది. నెల తిరిగేసరికి పొటాషియం 4.3, బీపీ 134, 82, దడ దాదాపు లేదు. మూడో నెలలో తీసిన హోల్టర్‌లో ఎక్టోపిక్‌లు 96. ఆ 96కి కారణం తెలియదు, వెతకక్కర్లేదు అంది. అవి ఇప్పటికీ సస్పెన్స్‌లోనే ఉన్నాయి, నాకేం బాధ లేదు.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికింది దొరికినట్టు చదివాను. పిట్స్‌బర్గ్‌లో 1996లో ప్రచురించిన ఒక పరిశీలనలో దడతో వచ్చిన 190 మంది ఉన్నారు. 43 శాతం మందికి కారణం గుండెలో ఉంది. 31 శాతం మందికి ఆందోళన, భయం లాంటి మానసిక కారణాలు. 10 శాతం మందికి రక్తహీనత, థైరాయిడ్, మందులు, కాఫీ వగైరా. 16 శాతం మందికి ఏదీ దొరకలేదు. ఏడాది తిరిగేసరికి చనిపోయినవాళ్ళు రెండు శాతం లోపే. అంటే చాలామందికి ప్రాణభయం లేదు. టెన్షన్ అనేది కూడా అబద్ధం కాదు, దాదాపు మూడో వంతు మందికి అదే నిజమైన కారణం. నా అభ్యంతరం దాన్ని వెతక్కుండా రాసెయ్యడం మీద. 1997లో ఇంకొక పరిశీలన వచ్చింది. హఠాత్తుగా గుండె వేగం పెరిగిపోయే ఒక రకం లయ జబ్బు, ఎస్‌వీటీ అంటారు, అది ఉన్నట్టు తేలిన 107 మందిని వెనక్కి వెళ్ళి అడిగారు. మొదటిసారి డాక్టర్లకి చూపించుకున్నప్పుడు సగానికి పైగా మందిలో అది దొరకలేదు. దొరకడానికి మూడేళ్ళ పైన పట్టింది. ఆ మధ్యలో ఆందోళన వల్లే అన్న ముద్ర మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి రెండింతలు పడింది. నేను ఈ చివరి వాక్యం దగ్గర చదవడం ఆపి లేచి వెళ్ళిపోయాను ఆ రోజు.

మరి ఎప్పుడు పరిగెత్తాలి, ఎప్పుడు నిదానించవచ్చు? డాక్టరమ్మ నాకు చెప్పిందే చెబుతాను. దడతో పాటు స్పృహ తప్పినా, తప్పబోయినా, ఛాతీలో నొప్పి లేక బరువు ఉన్నా, ఊపిరి అందకపోయినా, ఇవి కాక మూతి వంకర పోవడం, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం కనబడినా టీ కొట్టు దగ్గర సలహా అడక్కుండా వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పోవాలి. రాత్రి రెండు గంటలైనా సరే. కూచుని ఉన్నప్పుడు కూడా నాడి 120 దాటి దిగకపోతే అదీ అంతే. పరిగెడుతుంటేనో, మెట్లెక్కుతుంటేనో మధ్యలో దడ మొదలై కళ్ళు తిరిగితే, లేదా ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే, తగ్గిపోయిందని ఊరుకోకూడదు. గుండె జబ్బు ముందే ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. గర్భిణికి కొంత దడ మామూలే. కానీ పడుకుంటే ఆయాసం వస్తే మామూలు కాదు.

ఇవేవీ లేకుండా, నాలాగా వచ్చీపోయే దడైతే అర్ధరాత్రి పరుగులు అక్కర్లేదు గానీ డాక్టరుకి చూపించుకోవాలి. ముఖ్యంగా స్విచ్చి వేసినట్టు హఠాత్తుగా మొదలై హఠాత్తుగా ఆగేది, బల్ల మీద కొట్టబోతే ఏ లయా దొరకని అడ్డదిడ్డమైనది, అరవై దాటాక కొత్తగా మొదలైనది. వెళ్ళేముందు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి: తారీకు, సమయం, ఎంతసేపు, ఏం చేస్తుండగా, నాడి పూర్తి నిమిషం లెక్కపెడితే ఎంత. తిన్నవీ తాగినవీ వేసుకున్నవీ అన్నీ రాయండి, జలుబు మాత్రలూ, ఉబ్బసం పంపూ, టీల లెక్కా, వేర్లూ ఆకులూ కూడా. వీలైతే దడ ఉన్నప్పుడే ఈసీజీ తీయించుకోండి. అప్పుడు తీసిన పది సెకన్లు మామూలప్పుడు తీసిన వంద కాగితాలకన్నా విలువైనవి. ఇంట్లోవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. నేనొక్కణ్ణీ వెళ్ళి ఉంటే ఆ పుల్లల సంగతి ఇంకా తేలి ఉండేది కాదు.

2024 ఆగస్టులో ఖరగ్‌పూర్ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. 1990 జనవరిలో పుట్టింది అదే. స్కూల్లో టీచరు. వయసు ముప్ఫై నాలుగు. "మావయ్యా, మెట్లెక్కితే గుండె దడదడలాడిపోతోంది. ఇంట్లో టెన్షన్ అంటున్నారు. నువ్వేమంటావు?"

"నేనేమీ అనను. రేపు పొద్దున్న బండికి వచ్చెయ్" అన్నాను.

వచ్చింది. అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. కీళ్ళ వాపులు ఎప్పుడైనా వచ్చాయా అని ఆవిడ అడుగుతుంటే నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూచున్నాను. ఎకో గది బయట ఇరవై నిమిషాలు. కవాటాలు శుభ్రంగా ఉన్నాయి, లయ సరిగ్గా ఉంది, వేగం మాత్రం 112. కింది కనురెప్ప లాగి చూసి రక్త పరీక్ష రాసింది. హీమోగ్లోబిన్ 7.4. నెలసరిలో విపరీతంగా రక్తం పోతోందని, రెండేళ్ళుగా అలాగే ఉందని అప్పుడు చెప్పింది పిల్ల. మాకెవరికీ చెప్పలేదు. గైనకాలజిస్టు దగ్గరికి పంపారు, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ దొరికింది. దానికి వైద్యం, ఇనుము మాత్రలు. డిసెంబరుకి హీమోగ్లోబిన్ 11.2 అయింది. కాగితం ఫోటో తీసి పంపింది. ప్రింటు తీసి, పాత 7.4 కాగితంతో కలిపి ఫైల్లో పెట్టాను.